డీఎన్‌ఏలో ‘వికటకవి’ వేరు!

రెస్ట్రిక్షన్ ఎంజైమ్‌లు.. ఇంటర్ బోటనీలో మొదలై ఎమ్మెస్సీ దాకా వెంట వచ్చే పాఠం. గేట్, సీఎస్‌ఐఆర్ నెట్, గ్యాట్-బీ లాంటి పరీక్షలకు తప్పనిసరి. అయినా బయోటెక్ ఇంటర్వ్యూల్లో మంచి మార్కులున్నవాళ్లు కూడా తడబడేది ఇక్కడే. ఎందుకంటే చాలామంది దీన్ని బట్టీ పడతారు, కాగితం మీద గీసి చూడరు.

నా సంగతే చెబుతా. ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ అయిపోయిన ఏడాది, హైదరాబాద్ శివార్లలోని ఓ కంపెనీలో ట్రైనీ పోస్టుకు ఇంటర్వ్యూకి వెళ్లాను. బోర్డు దగ్గర నిలబెట్టి మార్కర్ చేతికిచ్చారు.

‘‘ఈకో ఆర్ వన్ గుర్తించే సీక్వెన్స్ రాయండి’’ అన్నారు ప్యానెల్‌లోని మేడమ్. రాశాను.. జీ, ఏ, ఏ, టీ, టీ, సీ.

‘‘దీని ప్రత్యేకత ఏంటి?’’

‘‘పాలిండ్రోమ్ మేడమ్.’’

‘‘అంటే?’’

‘‘ముందు నుంచి చదివినా, వెనక నుంచి చదివినా ఒకటే ఉంటుంది.’’

‘‘సరే, వెనక నుంచి చదవండి.’’

చదవడం మొదలుపెట్టాను. సీ, టీ, టీ.. అక్కడికే గొంతు తగ్గిపోయింది. ముందు నుంచి చదివితే జీతో మొదలవుతోంది, వెనక నుంచి చదివితే సీతో. ఒకటెలా అవుతుంది? ఐదేళ్లుగా పరీక్షల్లో రాస్తూ మార్కులు తెచ్చుకున్న వాక్యం నా కళ్ల ముందే తప్పయింది. ఆ ఉద్యోగం రాలేదు. బస్సులో తిరిగి వస్తూ హాల్‌టికెట్ వెనక గీసుకున్న బొమ్మే ఈ వ్యాసానికి మూలం.

ఒక స్ట్రాండ్ కాదు.. రెండూ చూడాలి

పాలిండ్రోమ్ అనగానే మనకు గుర్తొచ్చేది తెనాలి రామకృష్ణుడి బిరుదు. ‘వికటకవి’ అనే మాటను కుడి నుంచి చదివినా వికటకవే. నందనం లాంటివీ అంతే. ఇక్కడ ఉన్నది ఒకే వరస అక్షరాలు. దాన్ని తిప్పి చదువుతున్నాం.

డీఎన్‌ఏలో ఉన్నది రెండు వరసలు. పక్కపక్కనే ఉండే రెండు స్ట్రాండ్‌లు. ఒకదానిలో ఏ ఉన్నచోట ఎదుటిదానిలో టీ ఉంటుంది. జీ ఉన్నచోట సీ ఉంటుంది. ఇంకో ముఖ్యమైన సంగతి, ఈ రెండు స్ట్రాండ్‌లూ ఎదురెదురు దిశల్లో నడుస్తాయి. రోడ్డుకు ఒక పక్క వెళ్లే బండ్లు, రెండో పక్క వచ్చే బండ్లు ఉన్నట్టు. ప్రతి స్ట్రాండ్‌నూ 5 ప్రైమ్ కొస నుంచి 3 ప్రైమ్ కొసకు చదవడం పద్ధతి. కాబట్టి పై స్ట్రాండ్‌ను ఎడమ నుంచి కుడికి చదివితే, కింది స్ట్రాండ్‌ను కుడి నుంచి ఎడమకు చదవాలి.

ఇప్పుడు ఒక కాగితం తీసుకోండి. నిజంగానే తీసుకోండి, మనసులో ఊహించుకుంటే ఇది ఎక్కదు.

పై స్ట్రాండ్: 5 ప్రైమ్ – జీ ఏ ఏ టీ టీ సీ – 3 ప్రైమ్

కింది స్ట్రాండ్: 3 ప్రైమ్ – సీ టీ టీ ఏ ఏ జీ – 5 ప్రైమ్

పై వరసను దాని 5 ప్రైమ్ కొస నుంచి చదివితే జీ ఏ ఏ టీ టీ సీ. కింది వరసను దాని 5 ప్రైమ్ కొస నుంచి, అంటే కుడి చివర నుంచి చదివితే.. అదీ జీ ఏ ఏ టీ టీ సీనే! డీఎన్‌ఏలో పాలిండ్రోమ్ అంటే ఇదే. ఒక స్ట్రాండ్‌ను వెనక్కి చదవడం కాదు, రెండు స్ట్రాండ్‌లనూ ఒకే దిశా నియమంతో చదివితే ఒకే మాట రావడం. కాగితాన్ని తలకిందులుగా, సగం చుట్టు తిప్పి చూడండి. సీక్వెన్స్ మారదు.

అర్థమైందో లేదో చూసుకోవడానికి ఒక చిన్న పరీక్ష. జీ ఏ ఏ ఏ ఏ జీ.. ఇది పాలిండ్రోమేనా? తెలుగు మాటల లెక్కలో అవును, వికటకవి లాంటిదే. డీఎన్‌ఏ లెక్కలో కాదు. దీని ఎదుటి స్ట్రాండ్‌ను సరైన దిశలో చదివితే సీ టీ టీ టీ టీ సీ వస్తుంది. మరి ఏ ఏ జీ సీ టీ టీ? మాట లెక్కలో కాదు, డీఎన్‌ఏ లెక్కలో అవును. ఇది హిండ్ త్రీ అనే ఎంజైమ్ గుర్తించే చోటు.

ఇంకో మెలిక ప్రశ్న కూడా అడుగుతుంటారు. ఐదు లేదా ఏడు అక్షరాల నిఖార్సైన డీఎన్‌ఏ పాలిండ్రోమ్ ఉంటుందా? ఉండదు. బేసి సంఖ్య అయితే నడిమధ్యలో ఒక అక్షరం మిగులుతుంది. పాలిండ్రోమ్ కావాలంటే ఆ అక్షరం తనకు తానే జత కావాలి. ఏకి ఏ జత కాదు, జీకి జీ జత కాదు. అందుకే నిజమైన డీఎన్‌ఏ పాలిండ్రోమ్‌లు నాలుగు, ఆరు, ఎనిమిది ఇలా సరి సంఖ్యలోనే ఉంటాయి. ఐదు, ఏడు అక్షరాలను గుర్తించే ఎంజైమ్‌లు లేవా అంటే ఉన్నాయి. వాటిలో చాలావాటికి నడిమి అక్షరం ఏదైనా ఫర్వాలేదు, లేదా రెండింటిలో ఏదైనా సరే. అలాంటి ఒకదాని కథ కిందకు వచ్చాక చూద్దాం.

పాలిండ్రోమే ఎందుకు?

‘ఎలా’ అనే ప్రశ్నకు జవాబు చెప్పేవాళ్లు కూడా ‘ఎందుకు’ అనగానే ఆగిపోతారు. నిజానికి దీని జవాబే ఈ పాఠం మొత్తాన్నీ సులువు చేస్తుంది.

ఈకో ఆర్ వన్ లాంటి ఎంజైమ్ ఒంటరిగా పనిచేయదు. అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండే రెండు ప్రొటీన్ భాగాలు జట్టు కట్టి డైమర్‌గా మారి డీఎన్‌ఏను పట్టుకుంటాయి. అష్టాచెమ్మా గీసి ఇద్దరు ఎదురెదురుగా కూర్చున్నారనుకోండి. ఎవరి వైపు నుంచి వారు చూస్తే ఇద్దరికీ గడులు ఒకేలా కనిపిస్తాయి. ఈ ఎంజైమ్‌లోని రెండు భాగాలూ డీఎన్‌ఏకు అలాగే ఎదురెదురుగా కూర్చుంటాయి. రెండూ ఒకే రకం ప్రొటీన్ కాబట్టి రెండూ ఒకే సగాన్ని మాత్రమే గుర్తించగలవు. ఒకటి పై స్ట్రాండ్‌లో జీ ఏ ఏ అని చదివితే, రెండోది కింది స్ట్రాండ్‌లో తన వైపు నుంచి జీ ఏ ఏ అని చదవాలి. రెండు సగాలూ కలిస్తే వచ్చేది జీ ఏ ఏ టీ టీ సీ. అంటే డీఎన్‌ఏలోని పాలిండ్రోమ్, ఎంజైమ్ ఆకారంలో ఉన్న సమరూపతకు అద్దం లాంటిది. బ్యాక్టీరియాకు కూడా ఇది గిట్టుబాటు బేరమే. ఒకే జన్యువుతో ఒకే ప్రొటీన్ తయారు చేసుకుని, దాన్ని జతగా వాడి రెండు స్ట్రాండ్‌లనూ కోసేస్తుంది.

మరి లక్షల అక్షరాల మధ్య ఆ ఆరింటినీ ఎలా కనిపెడుతుంది? డీఎన్‌ఏను విప్పి లోపల చదువుతుందని చాలామంది అనుకుంటారు. విప్పదు. మెలి తిరిగిన నిచ్చెనకు పక్కన పెద్ద గాడి ఒకటి ఉంటుంది. దీన్నే మేజర్ గ్రూవ్ అంటాం. బేస్‌ల అంచులు ఆ గాడిలోకి కనిపిస్తుంటాయి. చూపు లేనివారు బ్రెయిలీని వేళ్లతో తడిమి చదివినట్టు, ఎంజైమ్ ఆ అంచులను బయటి నుంచే తడుముతుంది. ముందు ఎక్కడో ఒకచోట వదులుగా పట్టుకుంటుంది. అక్కడి నుంచి డీఎన్‌ఏ వెంట జారుతూ, అప్పుడప్పుడు గెంతుతూ వెళ్తుంది. తన చోటు తగిలిందంటే హైడ్రోజన్ బంధాలు వరసగా కుదిరిపోతాయి, డీఎన్‌ఏ కాస్త వంగుతుంది, ఎంజైమ్ ఆకారమూ బిగుసుకుంటుంది. అప్పుడే కోత.

ఇక్కడ దాని పట్టుదల చూడాలి. ఈకో ఆర్ ఫైవ్ అనే ఎంజైమ్‌ను లోతుగా పరిశీలించినప్పుడు, ఆరు అక్షరాల్లో ఒక్కటి మారినా కోసే వేగం సుమారు పది లక్షల రెట్లు పడిపోతుందని తేలింది. ఒక్క అక్షరం తేడాతో ఇంటిపేరు తప్పు పడితే సర్టిఫికెట్ వెనక్కి పంపే ఆఫీసులు కూడా ఇంత కచ్చితంగా ఉండవు!

కోతకు మెగ్నీషియం అయాన్లు కావాలి. అవి నీటి అణువును సిద్ధం చేస్తే, ఆ నీరు వెన్నెముకలోని ఫాస్ఫోడైఎస్టర్ బంధాన్ని తెంచుతుంది. ఒక కొసన 5 ప్రైమ్ ఫాస్ఫేట్, రెండో కొసన 3 ప్రైమ్ హైడ్రాక్సిల్ మిగులుతాయి. రియాక్షన్ ఆపడానికి ఈడీటీఏ ఎందుకు కలుపుతామో ఇప్పుడు చెప్పగలరు. అది మెగ్నీషియాన్ని పట్టేసుకుంటుంది, కత్తెర ఆగిపోతుంది.

ఒక తప్పు మాత్రం జాగ్రత్తగా సరిచేసుకోండి. ‘రెస్ట్రిక్షన్ ఎంజైమ్ బేస్‌ల మధ్య హైడ్రోజన్ బంధాలను తెంచుతుంది’ అని రాయకండి. ఈకో ఆర్ వన్ ప్రతి స్ట్రాండ్‌లోనూ జీకి, ఏకి మధ్య వెన్నెముకను మాత్రమే కోస్తుంది. రెండు కోతలూ ఎదురెదురుగా కాకుండా నాలుగు అక్షరాల దూరంలో పడతాయి. మధ్యలో మిగిలిన నాలుగు ఏ-టీ జతల పట్టు చాలా బలహీనం. అందుకే 37 డిగ్రీల దగ్గర వాటంతట అవే విడిపోతాయి. ఒక్కో ముక్కకు ఏ ఏ టీ టీ అనే తోక వేలాడుతుంది. ఇదే స్టికీ ఎండ్. ఈకో ఆర్ ఫైవ్, స్మా వన్ లాంటివి సరిగ్గా నడిమధ్యకు కోస్తాయి కాబట్టి తోకలు ఉండవు. అవి బ్లంట్ ఎండ్‌లు.

వైరస్‌కు వేసిన గొలుసు

‘రెస్ట్రిక్షన్’ అనే పేరు ఎందుకొచ్చింది? అడ్డుకోవడం అనే అర్థంలోనే. 1950ల మొదట్లో శాస్త్రవేత్తలు ఒక వింత గమనించారు. ఒక రకం బ్యాక్టీరియాలో హాయిగా పెరిగిన ఫేజ్ వైరస్‌ను తీసుకెళ్లి మరో రకం బ్యాక్టీరియాపై వదిలితే దాదాపు పెరగడం లేదు. ఏదో దాన్ని కట్టడి చేస్తోంది. 1960ల్లో జెనీవాలో వెర్నర్ ఆర్బర్ బృందం దీని గుట్టు విప్పింది. బ్యాక్టీరియా బయటి డీఎన్‌ఏను ముక్కలు చేస్తోంది, సొంత డీఎన్‌ఏకు మాత్రం గుర్తు పెట్టుకుని కాపాడుకుంటోంది.

ఆ గుర్తు మిథైల్ గ్రూప్. ఇది లేకపోతే ఏమవుతుందో లెక్క వేయండి. ఈ కొలై జీనోమ్‌లో సుమారు 46 లక్షల బేస్ జతలుంటాయి. ఆరు అక్షరాల వరస సగటున 4,096 అక్షరాలకు ఒకసారి రావాలి. ఎందుకంటే నాలుగును ఆరుసార్లు గుణిస్తే వచ్చేది అంతే. ఆ లెక్కన సొంత ఇంట్లోనే వెయ్యికి పైగా చోట్ల కత్తెర పడాలి. అందుకే ఈకో ఆర్ వన్ ఉన్న బ్యాక్టీరియాలో దానికి తోడుగా ఒక మిథైలేజ్ ఉంటుంది. అది జీ ఏ ఏ టీ టీ సీలోని రెండో ఏ మీద మిథైల్ బొట్టు పెడుతుంది. బొట్టు ఉంటే కత్తెర ముట్టదు. కణం విభజన చెందేటప్పుడు కొత్త స్ట్రాండ్‌కు బొట్టు ఉండదు కదా అని సందేహం రావచ్చు. పాత స్ట్రాండ్ బొట్టు ఎలాగూ ఉంటుంది. ఇక్కడా పాలిండ్రోమే అక్కరకొస్తుంది. రెండు స్ట్రాండ్‌ల మీదా ఒకే వరస ఉండటం వల్లే ఒకదాన్ని చూసి రెండోదానికి బొట్టు పెట్టడం కుదురుతోంది.

మొదట దొరికిన ఎంజైమ్‌లు టైప్ వన్ రకం. అవి ఒకచోట గుర్తించి ఎక్కడో దూరంగా, ఇష్టం వచ్చిన చోట కోస్తాయి. ల్యాబ్ పనికి అవి అక్కరకు రాలేదు. 1970లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో హామిల్టన్ స్మిత్, కెంట్ విల్‌కాక్స్‌లు హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా బ్యాక్టీరియా నుంచి గుర్తించిన చోటనే కోసే ఎంజైమ్‌ను వేరు చేశారు. అదే హిండ్ టూ. మరుసటి ఏడాదే అక్కడే డేనియల్ నాథన్స్, కాథ్లీన్ డానా ఆ ఎంజైమ్ సాయంతో ఎస్‌వీ 40 వైరస్ డీఎన్‌ఏను 11 ముక్కలు చేసి జెల్ మీద వేరుచేసి చూపించారు. ఆర్బర్, నాథన్స్, స్మిత్‌లకు 1978లో నోబెల్ వచ్చింది. విల్‌కాక్స్, డానాల పేర్లు పరీక్షల్లో అడగరు గానీ, ఆ బెంచ్ దగ్గర నిలబడి పనిచేసిన యువ పరిశోధకులు వాళ్లే. రేపు మీరు చేరబోయేది కూడా అలాంటి బెంచ్ దగ్గరే కాబట్టి గుర్తుపెట్టుకోండి.

తర్వాతి కథ వేగంగా సాగింది. 1973లో స్టాన్లీ కోహెన్, హెర్బర్ట్ బోయర్‌లు ఈకో ఆర్ వన్ తోకలతో వేర్వేరు డీఎన్‌ఏలను అతికించి బ్యాక్టీరియాలో పెంచారు. 1982లో జన్యు పద్ధతిలో తయారైన మానవ ఇన్సులిన్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది. మన దగ్గర 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్-బి టీకా ‘శాన్‌వ్యాక్-బి’ని తెచ్చింది. వైరస్ పైపొర ప్రొటీన్ జన్యువును ఈస్ట్‌లో పెట్టి తయారు చేసిన టీకా అది. ఇక సీసీఎంబీలో లాల్జీ సింగ్ బృందం బ్యాండెడ్ క్రెయిట్ అనే కట్లపాము డీఎన్‌ఏ నుంచి వచ్చిన ప్రోబ్‌తో డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్ చేసినప్పుడు కూడా మొదటి మెట్టు రెస్ట్రిక్షన్ ఎంజైమ్‌తో కోయడమే. ఇప్పుడు ఫోరెన్సిక్ ల్యాబ్‌లు పీసీఆర్ ఆధారిత పద్ధతికి మారాయి. ఇంటర్వ్యూలో ఈ తేడా చెప్పడం మరవకండి.

ఒక్క అక్షరం మారితే..

పైన ఏడు అక్షరాల ఎంజైమ్ కథ చెబుతానన్నాను. దాని పేరు ఎంఎస్‌టీ టూ. గుర్తించే వరస సీ సీ టీ, మధ్యలో ఏదైనా ఒక అక్షరం, తర్వాత ఏ జీ జీ. నడిమి అక్షరాన్ని వదిలేస్తే రెండు పక్కలా పాలిండ్రోమే.

సికిల్ సెల్ వ్యాధి గురించి మన గిరిజన ప్రాంతాల విద్యార్థులకు ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. అల్లూరి సీతారామరాజు జిల్లాలోనో, భద్రాద్రి కొత్తగూడెంలోనో పెరిగినవాళ్లు స్క్రీనింగ్ క్యాంపులు చూసే ఉంటారు. 2023 జులైలో కేంద్రం దీనికోసం జాతీయ మిషన్ ప్రారంభించింది. ఈ వ్యాధికి కారణం బీటా గ్లోబిన్ జన్యువులో ఒక్క అక్షరం. ఆరో కోడాన్ జీ ఏ జీ బదులు జీ టీ జీ అవుతుంది. మామూలు జన్యువులో ఆ చోట ఉండేది సీ సీ టీ జీ ఏ జీ జీ. ఎంఎస్‌టీ టూకి సరిగ్గా సరిపోయింది. వ్యాధి జన్యువులో అది సీ సీ టీ జీ టీ జీ జీ. ఏ స్థానంలో టీ వచ్చింది కాబట్టి ఎంజైమ్ గుర్తుపట్టదు, కోయదు.

ఫలితం జెల్ మీద కనిపిస్తుంది. మామూలు జన్యువు నుంచి సుమారు 1,150 బేస్‌ల ముక్క వస్తుంది. సికిల్ జన్యువులో కోత పడక ముక్క 1,350 దగ్గర ఆగుతుంది. వాహకులైతే రెండు బ్యాండ్‌లూ వస్తాయి. 1982లో పరిశోధకులు దీన్ని గర్భస్థ శిశువులో వ్యాధి నిర్ధారణకు పనికొచ్చే పద్ధతిగా ప్రచురించారు. ఇవాళ క్యాంపుల్లో వాడేది సాల్యుబిలిటీ టెస్ట్, హెచ్‌పీఎల్‌సీ లాంటి పరీక్షలు. అయినా ‘రెస్ట్రిక్షన్ సైట్ పోవడం’ అంటే ఏమిటో చెప్పమంటే దీనికి మించిన ఉదాహరణ లేదు. ప్యానెల్ ముందు రెండు బ్యాండ్‌లు గీసి, వాహకుడి లేన్ కూడా గీయండి.

బెంచ్ దగ్గర అడిగేవి

సిద్ధాంతం వచ్చినా చేతి పని రాకపోతే ట్రైనీ పోస్టు కూడా కష్టమే. ఇవి చాలా కాలేజీల్లో ప్రాక్టికల్ పేరుతో చూపించి వదిలేస్తారు. చేసే అవకాశం రాకపోతే కనీసం లెక్కలైనా నేర్చుకోండి.

ఒక యూనిట్ ఎంజైమ్ అంటే? సరైన బఫర్‌లో, సరైన ఉష్ణోగ్రత దగ్గర, 50 మైక్రోలీటర్ల రియాక్షన్‌లో ఒక మైక్రోగ్రామ్ డీఎన్‌ఏను గంటలో పూర్తిగా కోయగలిగినంత. చాలా ఎంజైమ్‌లకు కొలమానంగా వాడేది లాంబ్డా ఫేజ్ డీఎన్‌ఏ. కలిపే వరస.. ముందు నీళ్లు, బఫర్, డీఎన్‌ఏ, ఆఖరున ఎంజైమ్. ఎంజైమ్‌ను ఫ్రీజర్ నుంచి తీసి ఐస్‌లో పెట్టి, పని కాగానే తిరిగి పెట్టేయాలి. టేబుల్ మీద వదిలి టీకి వెళ్తే సీనియర్ ముఖం చూడలేం.

నేను చేసిన ఘనకార్యం ఇంకోటి. మొదటి ఉద్యోగంలో చేరిన కొత్తలో ప్లాస్మిడ్ సరిగా తెగడం లేదని, ఎక్కువ పోస్తే త్వరగా తెగుతుంది కదా అని 20 మైక్రోలీటర్ల రియాక్షన్‌లో 6 మైక్రోలీటర్ల ఎంజైమ్ పోశాను. రాత్రంతా 37 డిగ్రీల్లో ఉంచాను. పొద్దున జెల్ చూస్తే రెండు బ్యాండ్‌లు ఉండాల్సిన చోట అరడజను! కారణం గ్లిసరాల్. ఎంజైమ్‌లను మైనస్ 20 డిగ్రీల దగ్గర గడ్డకట్టకుండా 50 శాతం గ్లిసరాల్‌లో నిల్వ చేస్తారు. నా ట్యూబ్‌లో అది 15 శాతానికి చేరింది. గ్లిసరాల్ ఎక్కువైనా, ఉప్పు బాగా తగ్గినా, మెగ్నీషియం బదులు మాంగనీస్ ఉన్నా ఎంజైమ్ పట్టు సడలి, తన వరసను పోలిన వరసలను కూడా కోస్తుంది. దీన్నే స్టార్ యాక్టివిటీ అంటారు. అందుకే ఎంజైమ్ పరిమాణం మొత్తం రియాక్షన్‌లో పదో వంతు మించకూడదనేది నియమం. ఆ నియమం నోట్స్‌లో రాసుకున్నాను కూడా. ఎందుకో తెలియక పట్టించుకోలేదు.

లాంబ్డా డీఎన్‌ఏతో ఒక ప్రశ్న మాత్రం తప్పక సాధన చేయండి. దీని పొడవు 48,502 బేస్ జతలు. హిండ్ త్రీ దీన్ని ఏడు చోట్ల కోస్తుంది. ఎన్ని ముక్కలు? గుండ్రటి ప్లాస్మిడ్ అయితే ఏడు కోతలకు ఏడు ముక్కలే. లాంబ్డా నిలువు డీఎన్‌ఏ కాబట్టి ఎనిమిది. 23,130, 9,416, 6,557, 4,361, 2,322, 2,027, 564, 125. కూడి చూడండి, లెక్క సరిపోతుంది. మరి జెల్ మీద ఎనిమిదీ కనిపిస్తాయా? సాధారణంగా కనిపించవు. 125 ముక్క మరీ చిన్నది, మసకగా ఉంటుంది లేదా జెల్ దాటి వెళ్లిపోతుంది. 564 కూడా పల్చగానే కనిపిస్తుంది. ఒక్కోసారి 4,361 బ్యాండ్ కూడా పల్చబడుతుంది. ఎందుకంటే లాంబ్డా రెండు కొసల్లోనూ 12 అక్షరాల తోకలుంటాయి. అవి ఒకదానికొకటి అతుక్కుని మొదటి ముక్క, చివరి ముక్క కలిసిపోతాయి. లోడ్ చేసే ముందు 65 డిగ్రీల దగ్గర కాసేపు వేడిచేసి వెంటనే ఐస్‌లో పెడితే విడిపోతాయి. ఈ మూడు సంగతులూ చెప్పిన అభ్యర్థిని ఆ తర్వాత నేను ల్యాబ్ గురించి ఇంకేమీ అడగలేదు.

ఇంకో సంగతి. 4,096 లెక్క ప్రకారం లాంబ్డాలో ఆరు అక్షరాల సైట్‌లు పన్నెండు దాకా ఉండాలి. ఈకో ఆర్ వన్‌కు ఉన్నవి ఐదే. ఎనిమిది అక్షరాల నాట్ వన్‌కు సగటున 65,536 బేస్‌లకు ఒకటి రావాలి, లాంబ్డాలో దానికి ఒక్కటీ లేదు. ‘సగటున’ అనేది సంభావ్యత మాత్రమే. పరీక్షలో లెక్క అడిగితే లెక్క చేయండి, ల్యాబ్‌లో మాత్రం సీక్వెన్స్ తెరిచి చూడండి.

క్రిస్పర్ వచ్చాక ఇవి ఎందుకు?

విద్యార్థులు తరచూ అడిగే ప్రశ్న ఇది. నిజమే, క్లోనింగ్‌కు ఇప్పుడు గిబ్సన్ అసెంబ్లీ ఉంది, జన్యువులను నేరుగా సింథసిస్ చేయించుకోవచ్చు. పాత పద్ధతి ఒక్కటే తెలిస్తే ఉద్యోగం వస్తుందని చెప్పను. కానీ ప్లాస్మిడ్ మనం అనుకున్నదేనా కాదా అని త్వరగా చూసుకోవాలంటే ఇప్పటికీ రెండు ఎంజైమ్‌లతో కోసి జెల్ మీద నడపడమే చవకైన దారి. ఎంఆర్‌ఎన్‌ఏ తయారీలోనూ సాధారణంగా అచ్చుగా వాడే గుండ్రటి ప్లాస్మిడ్‌ను ముందు ఎంజైమ్‌తో కోసి నిలువుగా చేస్తారు. దానికి, గోల్డెన్ గేట్ క్లోనింగ్‌కు టైప్ టూ ఎస్ రకం బాగా వాడుకలో ఉంది. వీటి ప్రత్యేకత ఏమంటే గుర్తించే వరస పాలిండ్రోమ్ కాదు, కోత దానికి పక్కన పడుతుంది. ‘రెస్ట్రిక్షన్ ఎంజైమ్‌లన్నీ పాలిండ్రోమ్‌లనే గుర్తిస్తాయి’ అనే వాక్యం కనిపిస్తే తప్పు అని టిక్ పెట్టండి.

ఇప్పుడు అప్పుడప్పుడు నేనూ ప్యానెల్‌లో కూర్చుంటున్నాను. నేను అడిగే ప్రశ్న ఇది. బామ్ హెచ్ వన్ గుర్తించేది జీ జీ ఏ టీ సీ సీ. బీజీఎల్ టూ గుర్తించేది ఏ జీ ఏ టీ సీ టీ. రెండూ మొదటి అక్షరం తర్వాత కోస్తాయి, రెండింటి తోకా జీ ఏ టీ సీనే. కాబట్టి ఒకదానితో కోసిన ముక్కను రెండోదానితో కోసిన ముక్కకు లైగేజ్‌తో అతికించవచ్చు. అతికించాక ఆ చోటును మళ్లీ ఏది కోస్తుంది?

చాలామంది ‘రెండూ’ అంటారు. కొందరు బామ్ హెచ్ వన్ అంటారు. కాగితం అడిగినవాళ్లు మాత్రం గీసి చూస్తారు. వచ్చిన వరస జీ జీ ఏ టీ సీ టీ. ఎదుటి స్ట్రాండ్‌ను సరైన దిశలో చదివితే ఏ జీ ఏ టీ సీ సీ. రెండు సగాలూ ఒకేలా లేవు, ఇది పాలిండ్రోమ్ కాదు. బామ్ హెచ్ వన్ ముట్టదు, బీజీఎల్ టూ ముట్టదు. కానీ నడుమ జీ ఏ టీ సీ అనే నాలుగక్షరాల పాలిండ్రోమ్ చెక్కుచెదరకుండా ఉంది. సావ్ త్రీ ఏ వన్ అనే ఎంజైమ్ గుర్తించేది సరిగ్గా దాన్నే. అది వచ్చి కోస్తుంది.